ముగ్గురాయి

శాస్త్రజ్ఞులు బెరైటీస్ అనే రాయిని మా కడప సీమవాళ్ళు ముగ్గురాయి అంటారు. ఆ పేరు వింటే నాకెప్పుడూ ముచ్చటేస్తుంది. అందులో వాకిలీ ఉంది, కళా ఉంది.

ఈ సీమ రాళ్ళ వివరమంతా విలియం కింగ్ దొర 1872లోనే గ్రంథంగా అచ్చు వేయించాడు. ఓబులవారిపల్లె దగ్గరి మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. నీటికి నాలుగింతలు మించిన బరువు దానిది. చమురుబావి తవ్వేటప్పుడు లోపల్నుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని అణచడానికి, ఆ పొడిని బురదలో కలిపి దింపుతారు. అలా మన ముగ్గు సముద్రాలు దాటిపోయింది. ఇక్కడ మిగిలింది మెట్లు మెట్లుగా దిగిన గొయ్యి.

1971లో అమెరికన్ శిల్పి రాబర్ట్ స్మిత్‌సన్ హాలండులో, ఎమ్మెన్ దగ్గర ఇసుక తవ్విన గోతిలోనే నీళ్ళతో, మట్టితో ఒక విరిగిన వలయాన్నీ, ఒక చుట్టల గుట్టనీ కట్టాడు. గాయాన్ని కప్పిపెట్టలేదు, వచ్చి చూడమన్నాడు.

మనకూ అలాంటివాళ్ళు కావద్దూ? తవ్వకముందు ఆ నేల ఎలా ఉండేదో ముసలివాళ్ళనడిగి, ఇప్పుడెలా ఉందో కళ్ళారా చూసి, రెండూ గీసిపెట్టాలి. వాకిట్లో ముగ్గు చెరిగితే రేపు మళ్ళీ వేసుకుంటాం. కొండను వేసుకోలేం కదా!