నేల కింది పటం

రోముకు ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఫలేరీ నోవీ అనే చోటున్నది. పాత కోటగోడ నిలిచివున్నది, లోపల పొలాలు. ఆ పొలాల కింద పడివున్న పట్నం పటాన్ని 2020లో కేంబ్రిడ్జి, గెంట్ విశ్వవిద్యాలయాలవారు 'ఆంటిక్విటీ' పత్రికలో ప్రకటించారు. తట్టెడు మట్టి తీయలేదు. చిన్న మోటారు బండి వెనక రాడార్ పరికరం కట్టి, గోడల లోపలి 30.5 హెక్టార్లలో తిప్పారు. పరికరం భూమిలోకి రేడియో తరంగాలను పంపుతుంది. మట్టి కింద రాయి తగిలినచోట కొంత భాగం వెనక్కి మళ్లుతుంది. అందుకు పట్టిన కాలాన్నిబట్టి లోతు లెక్కకడతారు. 12.5 సెంటీమీటర్లకొక కొలత. తడి బంకమన్నయితే తరంగాలను మింగేస్తుంది; అక్కడ యీ విద్య పారదు.

ఆ పటం చూసి నేనూ ముగ్ధుణ్ణయ్యాను. స్నానశాల, అంగడి భవనం, దేవాలయం, మరెక్కడా పోలిక దొరకని వొక పెద్ద కట్టడం. కాని నా చూపును పట్టి ఆపినవి నీటిగొట్టాలు. అవి వీధుల వెంటనే గాక యిళ్ల వరసల కిందినుంచి కూడా సాగినవి. అంటే యిళ్లు లేవకముందే గొట్టాలు పరిచారన్నమాట. యెవరో ముందు గీసుకొని, ఆ గీతమీద పట్నాన్ని కట్టించారు.

యెవరికోసం? క్రీ. పూ. 241లో ఫలిస్కులనే జనం రోముపై తిరగబడి, ఆరు రోజుల్లో వోడిపోయారని పాత గ్రంథాలు చెబుతున్నవి. సగం భూమి పోయింది. కొండమీది తమ పట్నాన్ని విడిచి యీ చదునునేలకు దిగవలసివచ్చింది. మళ్లీ తిరగబడటానికి అనువుగాని చోటు గదా! యీ పొందిక గెలిచినవాడి పొందికేమో, ఆ గొట్టాల కందకాలు తవ్వినవి వోడినవారి చేతులేమోనని నా అనుమానం.

నా అనుమానాన్ని రాడార్ రుజువు చేయదు, కొట్టివేయనూ లేదు. అది లోతు చెబుతుంది, సంవత్సరం చెప్పదు. గొట్టాలు మొదటి తరంలో పడ్డాయా, వందేళ్ల తర్వాతనా? అది తేల్చవలసింది వొక నాణెమో, కుండపెంకో. "పలుగు లేకుండానే పట్నాన్ని కనిపెట్టారు" అని మురిసేవారు యీ సంగతి మరుస్తారు. తవ్విన పొర తిరిగి రాదు, నిజమే. అందుచేత యెక్కడ తవ్వాలో ముందే తెలియడం చిన్న మేలు కాదు. ఆ తర్వాత అక్కడ తవ్వకాలు మొదలైనవి, యీ పటాన్ని చేతపట్టుకొనే. గొట్టం గోడ కిందికి దూరేచోట వారికేం దొరుకుతుందోనని నేను యెదురుచూస్తున్నాను.