వాకింగ్ ఫుట్‌తో తిన్నని గీతల బొంతకుట్టు

పైగుడ్డ, నడుమ దూది లేదా పాలియెస్టర్ పొర, కింద అస్తరు: ఈ మూడింటినీ కుట్టుమిషన్ మీద సమాంతరమైన గీతలుగా కలిపి కుట్టే పద్ధతి ఇది. గీత తిన్నగా రావడం కుట్టేవారి చేతిలో ఉంది. పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా ఉండడం చాలావరకు మిషన్ గుడ్డను లాగే తీరును బట్టి ఉంటుంది. వాకింగ్ ఫుట్ వచ్చింది ఈ రెండో ఇబ్బంది కోసమే.

ఇబ్బందికి మూలం మిషన్ నిర్మాణంలోనే ఉంది. అలెన్ బి. విల్సన్ 1854లో అమెరికాలో పేటెంటు పొందిన ఏర్పాటులో గుడ్డ కింద ఉండే పళ్ళు పైకి లేచి, గుడ్డను ఒక కుట్టు మేర వెనక్కి జరిపి, కిందికి దిగి, మళ్ళీ మొదటి చోటికి వస్తాయి. నేటి ఇంటి మిషన్లూ దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తాయి. రెండు పలుచని పొరలకు అది చాలు. నడుమ మెత్తటి దూది ఉన్నప్పుడు అస్తరు పళ్ళతోపాటు సాగిపోతుంది, పైగుడ్డ దాన్ని నొక్కిపట్టే పాదం రాపిడికి వెనకబడుతుంది. గీత చివరికి వచ్చేసరికి పైన ముడత, అంచుల్లో తేడా కనబడతాయి.

వాకింగ్ ఫుట్‌కు సొంత పళ్ళుంటాయి. దాని పంగల మీట సూది బిగించే స్క్రూ మీద కూర్చుంటుంది. సూది పైకి లేచినప్పుడు ఆ పళ్ళు దిగి పైగుడ్డను పట్టుకుంటాయి, కింది పళ్ళతో కలిసి వెనక్కి జరుగుతాయి. సూది దిగేటప్పుడు పైకి లేచి స్ప్రింగు బలంతో ముందుకు వస్తాయి. విడిగా తగిలించుకునే రకాల్లో పైపళ్ళకు లాగే బలం విడిగా లేదు కాబట్టి, కింది పళ్ళను దించేస్తే ఈ పాదంతో ఉపయోగం లేదు. వెనక్కి కుట్టడానికీ ఇది అంతగా పనికిరాదు.

పై పళ్ళను ఇంటి మిషన్‌లోనే అమర్చిన తొలి కంపెనీగా జర్మనీకి చెందిన ప్ఫాఫ్‌ను పేర్కొంటారు. సాధారణంగా ఇచ్చే సంవత్సరం 1968. తోలు, క్యాన్వాసు కుట్టే కార్ఖానా మిషన్లలో కదిలే పాదాలు అంతకు ముందే ఉన్నాయి. అందువల్ల ‘తొలి’ అన్న మాటను ఇంటి మిషన్ల వరకే తీసుకోవడం మేలు. మిషన్‌కుట్టు బొంతకు గౌరవం దక్కడం ఇంకా ఆలస్యమైంది. 1989లో అమెరికాలోని పడూకా బొంతల ప్రదర్శనలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ మిషన్‌పై కుట్టిన బొంతకు అత్యుత్తమ బహుమతి రావడాన్ని మలుపుగా చెబుతారు. అయితే అది తిన్నని గీతల పని కాదు.

తెలుగునాట బొంత ప్రధానంగా చేతికుట్టే. పాత చీరలు పొరలుగా పరచి, టాకాలు వేసి, వరసలుగా కుడతారు. దూది నింపిన రజాయి, పరుపు దూదేకులవారి వృత్తితో ముడిపడినవి. దక్షిణ భారత కులాల మీద 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాలు వారిని దూది ఏకేవారిగానే పరిచయం చేస్తాయి. ఈ రెండింటి తేడా మిషన్ దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. నూలు చీరలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి గనుక, మూడు నాలుగు పొరలను మామూలు పాదంతోనూ నిదానంగా కుట్టవచ్చు. వదులు దూది అలా నిలవదు.

కుట్టేముందు సుమారు 10 సెంటీమీటర్ల ఎడంలో టాకాలో పిన్నులో వేయాలి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంటే దూది మందానికి సరిపోతుంది. మొదటి గీత నడిమధ్యన వేసి, అక్కడి నుంచి అంచులకు పోవాలన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. తర్వాతి గీతల దిశ మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. ఒక గీత పైనుంచి, పక్కది కిందనుంచి కుడితే లాగుడు సరిపోతుందని కొందరంటారు. అలా చేస్తే పక్కపక్క గీతల మధ్య గుడ్డ వాలుగా మెలిపడుతుందని, అన్నీ ఒకే అంచు నుంచి మొదలుపెట్టాలని మరికొందరి వాదన. గీతలు దగ్గరగా ఉన్నప్పుడు రెండో వాదనే నమ్మదగినదిగా కనిపిస్తుంది.

హైదరాబాదులో చాదర్‌ఘాట్‌కు దగ్గరి కోఠి, సుల్తాన్‌బజార్ ప్రాంతం అస్తరు గుడ్డలకు, దారాలకు, కుట్టు సామగ్రికి పేరుపడ్డది. వాకింగ్ ఫుట్ ఎక్కడ కొన్నా, తమ మిషన్ షాంక్ (పాదాన్ని బిగించే కడ్డీ) ఎత్తు ఎంతో, సూది స్క్రూ ఏ పక్కన ఉందో ముందుగా చూసుకోవాలి. పాత నల్ల తొక్కుడు మిషన్‌కైతే ఈ పరీక్ష మరీ అవసరం.