దర్వాజ

కోట యను అర్థమిచ్చు ‘గఢ్‌’ను తన పేరున నిలుపుకొన్న జఫర్‌గఢ్‌ ప్రాంతమున ద్వారమును ‘దర్వాజ’ యందురు. పారసీకమునుండి ఉర్దూ మీదుగా వచ్చినను, అందలి ‘దర్‌’ మన ‘ద్వార’ శబ్దమునకు తోఁబుట్టువే కనుక, దీనిని పరదేశి యనుట నాకిష్టము లేదు.

1971లో అభయ్‌ భూషణ్‌ రూపుకట్టిన ఎఫ్‌టీపీ అను ఫైళ్లు చేరవేయు పద్ధతికిని ఇట్టి దర్వాజయే కలదు: అతిథి తట్టఁగానే సర్వరు 220 అను సంఖ్యతో స్వాగతవాక్యము పలికి, పేరు విని, 331తో పాస్‌వర్డ్‌ అడిగి, అది సరిపడనిచో 530 యని త్రిప్పి పంపును. ‘అనానిమస్‌’ అని చెప్పుకొన్నవానిని అరుగు వరకే రానిచ్చుట, అనఁగా చదువనిచ్చి వ్రాయనీయకుండుట, నిర్వాహకుని చేతిలోనిది. స్వాగతములోనే సాఫ్ట్‌వేర్‌ పేరు, వెర్షను చాటుట మాత్రము దొంగకు తాళపుచెవి జాడ చెప్పుటయే.

జఫర్‌గఢ్‌ వైపు ‘దర్వాజ పెట్టు’ మనినచో మూయుమని యర్థము.