దత్తాంశముల గాదె

విశాఖపట్నపు రేవు 1933లో ప్రారంభమైనది. ఆ ఏటనే ప్రపంచమందలి సముద్రమట్టపు కొలతలను ఒకచోట చేర్చు శాశ్వత సంస్థ ఇంగ్లండులో ఏర్పడినది. ఈ రెండింటి సంబంధమును గ్రహించినచో, నేడు డేటా వేర్‌హౌస్ అని పిలువబడు దత్తాంశముల గాదె ఎట్టిదో సులభముగా బోధపడును.

ఓడను రేవులోనికి తెచ్చు పైలటుకు నీటిమట్టము ఆ గంటకు తెలిసిన చాలును. ఓడ చేరిన పిమ్మట ఆ అంకెతో ఆతనికి పని లేదు. కాని దానిని పారవేయక దాచినచో మరొక ప్రశ్నకు అదియే జవాబు చెప్పును: సముద్రము పెరుగుచున్నదా? విశాఖ మట్టపు నెలసరి సగటులు 1937 నుండి ఆ సంస్థ భాండారమున కలవు.

పున్నమి, అమావాస్యలకు విశాఖ వద్ద నీరు మీటరుకు పైగా ఎక్కి దిగును. సగటు మట్టపు పెరుగుదలయో, ఆ దీర్ఘకాలపు లెక్కలో ఏటికి ఒక మిల్లీమీటరు ప్రాంతము. ఏ ఒక్క ఏటి పుస్తకమునందును అది కానరాదు. దశాబ్దముల అంకెలను వరుసగా నిలిపిననే బయటపడును. ఇది అల్పమని త్రోసివేయరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినట్లు మరల వచ్చిననాడు, ఉప్పెన ఆ పెరిగిన మట్టముమీదనే లేచును.

అంకెలను పోగుచేసినంతమాత్రమున చాలదు. కొలబద్ద ఒక సెంటీమీటరు క్రిందికి క్రుంగినచో, పదేండ్ల పెరుగుదల లేకయే ఉన్నట్లు తోచును. కావున నేలమీది స్థిరమైన గుర్తుతో దానిని సరిచూచి, సున్న ఎచటనున్నదో కొలతతోబాటు వ్రాసి ఉంచవలెను. ఆ సంస్థ తన లెక్కలకు సున్నను సగటు మట్టమునకు సుమారు 7 మీటర్లు దిగువన నిర్ణయించినది. అందుచే ఋణసంఖ్యల చిక్కు లేదు.

కంప్యూటర్లలో ఇట్టి ఏర్పాటు తరువాత వచ్చినది. నిత్యవ్యవహారపు ఖాతాలు వేరు, విచారణకై దాచు చరిత్ర వేరు అను పద్ధతిని 1988లో ఐ.బి.ఎం.కు చెందిన బారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ వివరించిరి. 2010 తరువాత క్లౌడు గాదెలు వ్యాపించినవి. వీనిలో దాచుచోటు వేరు, లెక్కించు యంత్రము వేరు. యంత్రమును కావలసినంతసేపే అద్దెకు తీసికొనవచ్చును. పలుచోట్లనుండి వచ్చు అంకెలను తెచ్చి, ప్రమాణములు సరిచేసి, పాతవానిని తుడువక క్రొత్తవి చేర్చుట డేటా ఇంజనీరు పని.

విశాఖలో ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో గొప్ప కంప్యూటర్ల కేంద్రమును నెలకొల్పుదుమని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించినది. యంత్రములను ధనముతో తేవచ్చును. 1937 నాటి నీటిమట్టమును మాత్రము ఎంత ధనము పోసినను మరల కొలువలేము. ఆనాడు వ్రాసి ఉంచినవారి వలననే అది మనకు దక్కినది.