వారసత్వ నగల విలువ నిర్ధారణ: కర్నూలు, కడప ప్రాంతాల్లో గీటురాయి నుంచి బీమా పత్రం వరకు

ఉపోద్ఘాతం

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదుల వరద కర్నూలు నగరాన్ని ముంచెత్తింది. 2021 నవంబరు 19న చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య జలాశయం కట్ట తెగి, అప్పటి కడప జిల్లాలోని పులపత్తూరు, మందపల్లి వంటి గ్రామాలు ధ్వంసమయ్యాయి. కరువుకు పేరుపడిన సీమలో నీరే ఇళ్లను ఊడ్చుకుపోయిన సందర్భాలివి. కూలిన ఇంటి నష్టాన్ని పునాదుల కొలతలు చూసి అంచనా వేయవచ్చు. జేజి నుంచి అత్తకు, అత్త నుంచి కోడలికి వచ్చిన కాసులపేరు వరదలో పోతే అటువంటి ఆనవాలు మిగలదు. దాని తూకం, వన్నె, యాజమాన్యం ముందే కాగితం మీదకు ఎక్కి ఉండాలి. ఆ కాగితం చాలా ఇళ్లలో ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం ఈ ప్రాంత చరిత్రలో కొంత దొరుకుతుంది.

వన్నె, తూకం

బంగారపు శుద్ధిని తెలుగువారు వన్నెగా చెప్పుకున్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కనిపించే పదహారు వన్నెల లెక్కే ‘పదహారు వన్నెల బంగారం’ అన్న పలుకుబడిలో నేటికీ నిలిచి ఉంది. కంసాలి నగను గీటురాయిపై గీసి, తెలిసిన వన్నె గల బంగారపు గీతతో పోల్చి నిర్ణయం చెప్పేవాడు. నగ చేయించేవారు తామిచ్చిన బంగారం నుంచి చిన్న తునకను ‘మచ్చం’గా తీసి దాచుకోవడం వాడుకలో ఉండేది. తయారైన నగలో కల్తీ జరిగిందన్న అనుమానం వస్తే ఆ మచ్చమే సాక్ష్యం. అది రాతలేని ధ్రువపత్రమనే చెప్పాలి. తరం మారేసరికి మచ్చం కరిగిపోయేది, నగ మాత్రం మిగిలేది.

తూకం విషయం మరింత చిక్కు. గురిగింజ మొదలుకొని వరహా ఎత్తు, తులం వరకు అనేక కొలమానాలు ఏకకాలంలో చలామణిలో ఉండేవి. వరహా అటు నాణెం, ఇటు తూనికరాయి. బరువు దాదాపు 3.4 గ్రాములు. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. 1818లో మద్రాసు ప్రభుత్వం వంద వరహాలకు 350 రూపాయల లెక్కన వెండి రూపాయిని ప్రమాణ నాణెంగా నిర్ణయించింది. చెల్లుబాటు తగ్గిన బంగారు నాణేలకు కొక్కేలు తగిలిస్తే అవి కంఠాభరణాలే. కాసులపేరు అన్న మాటలోనే ఆ సంబంధం స్పష్టంగా ఉంది. తరువాతి కాలంలో బ్రిటిష్ సవరను నాణెం ఆ స్థానంలోకి వచ్చింది. 7.988 గ్రాముల ఆ నాణెం బరువే నేటి వ్యాపారంలో 8 గ్రాముల ‘కాసు’గా సర్దుకున్నది.

కంపెనీ ప్రభుత్వం 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా, అంటే 11.664 గ్రాములుగా స్థిరపరచింది. 1956 నాటి తూనికలు కొలతల చట్టం తరువాత మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమలులోకి వచ్చింది. పాత పేరు పోలేదు, కొలత మాత్రం మారింది. అంగడిలో తులమంటే ఇప్పుడు 10 గ్రాములు. ఈ మార్పు వారసత్వ పంపకాల్లో చేసే నష్టం చిన్నది కాదు. 1950లో రాసిన పెళ్లి నగల జాబితాలో ‘పది తులాలు’ అని ఉంటే అది 116.64 గ్రాములు. దానిని నేటి తులంగా చదివితే 16.64 గ్రాములు, రెండు కాసులకు మించిన బంగారం, లెక్కలోనే మాయమవుతుంది.

రాళ్ల విలువకైతే ఇంతమాత్రపు ప్రమాణమూ లేదు. రామళ్లకోట, బనగానపల్లె, చెన్నూరు పరిసరాలు ఒకప్పుడు వజ్రపు గనులకు ప్రసిద్ధం. తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరి వానలకు వజ్రాల వేట ఇప్పటికీ సాగుతున్నది. అక్కడ దొరికిన రాయికి వెల కట్టేవాడే కొనేవాడు కూడా. ఈ అసమానతే పాత నగల విషయంలోనూ చాలాకాలం నడిచింది.

కరువు, ధర

1876–78 నాటి కరువు తరువాత, 1881 జనగణన నాటికి కర్నూలు జిల్లా జనాభా పదేళ్ల కిందటితో పోలిస్తే నాలుగో వంతు మేరకు తగ్గింది. అటువంటి కాలంలో నగ విలువను నిర్ణయించేది వన్నె కాదు, జొన్నల ధర. ఊరంతా ఒకేసారి అమ్మకానికి దిగినప్పుడు బేరమాడే శక్తి కొనేవాడి చేతిలోనే ఉంటుంది. 1931లో దృశ్యం వేరు. 1927 చట్టం ప్రకారం తులం మేలిమి బంగారం 21 రూపాయల 3 అణాల 10 పైసలు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ స్వర్ణ ప్రమాణాన్ని వదలుకోగానే బంగారం ధర పెరిగింది, పంటల ధరలు మాత్రం పడిపోయి ఉన్నాయి. అప్పుల ఒత్తిడిలో దేశమంతటా పల్లెల నగలు కరిగి విదేశాలకు తరలాయి. ఈ రెండు ఘట్టాలనూ దాటి వచ్చిన నగ ఏదైనా నేడు ఒక ఇంట ఉన్నదంటే, దాన్ని అమ్మకుండా నిలుపుకున్న స్త్రీల పట్టుదలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏ విలువ పత్రంలోనూ అందుకు గడి ఉండదు.

చట్టం, కాగితం

1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు కొత్త నగల వన్నెను 14 క్యారెట్లకు పరిమితం చేశాయి. దేశమంతటా స్వర్ణకారులు ఉపాధి కోల్పోయారు. పసిడిపురిగా, రెండో ముంబైగా పేరొందిన ప్రొద్దుటూరు వంటి వ్యాపార కేంద్రానికి ఇది ఎటువంటి దెబ్బో ఊహించవచ్చు. 14 క్యారెట్ల పరిమితి 1966లో తొలగినా 1968 బంగారు నియంత్రణ చట్టం 1990 వరకు కొనసాగింది. దానికితోడు 1957 నాటి సంపద పన్ను చట్టం, 1953 నాటి ఎస్టేటు సుంకం చట్టం ఉండనే ఉన్నాయి. నగను కాగితం మీద పెట్టడమంటే ప్రభుత్వానికి చూపించడమే అన్న భయం ఆ దశాబ్దాల్లోనే బలపడి ఉండాలి. ఎస్టేటు సుంకం 1985లో, సంపద పన్ను 2016–17 మదింపు సంవత్సరం నుంచి రద్దయ్యాయి. భయం అంత త్వరగా రద్దు కాలేదు.

యాజమాన్యం విషయంలో చట్టం స్త్రీ పక్షానే నిలిచింది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను స్త్రీధనాన్ని ఆమె సంపూర్ణ ఆస్తిగా గుర్తించింది. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం అత్తవారింట చేరినంత మాత్రాన ఉమ్మడి సొత్తు కాదని స్పష్టం చేసింది. అయితే ఏ నగ ఆమెదో చెప్పే జాబితా లేనిచోట ఈ హక్కును రుజువు చేయడం కష్టమే.

బీమా

ఒకే నగకు మూడు చోట్ల మూడు విలువలు రావడం చూసి కుటుంబాలు తరచు అయోమయపడతాయి. తాకట్టు పెట్టుకునే బ్యాంకు నియమించిన మదింపుదారుడు రాళ్లను, లక్కను తీసివేసి నికర బంగారాన్నే లెక్కిస్తాడు. అతనికి అప్పు వసూలు కావడం ముఖ్యం. వారసత్వ నగను అమ్మినప్పుడు పన్ను లెక్కకు, పూర్వయజమాని దానిని 2001 ఏప్రిల్ 1కి ముందే పొంది ఉంటే, ఆ నాటి మార్కెట్ విలువను ఆధారంగా తీసుకోవచ్చు. బీమాకు కావలసింది అటువంటి నగను నేడు తిరిగి సమకూర్చుకోవడానికి అయ్యే ఖర్చు. తాకట్టు చీటీలోని అంకెను బీమాకు వాడుకుంటే నష్టపోయేది ఇంటివారే.

2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న భారత్ గృహ రక్షా పాలసీలో నగలకు ముందే ఒప్పుకున్న విలువపై ఐచ్ఛిక రక్షణ ఉంది. మొత్తం 5 లక్షల రూపాయలకు, ఒక్కో వస్తువు లక్ష రూపాయలకు మించకుంటే విలువ ధ్రువపత్రం అక్కరలేదు. వరద ఈ పాలసీ పరిధిలోకి వస్తుంది. మామూలు దొంగతనం మాత్రం, బీమా వర్తించే ప్రమాదం వల్ల, అది జరిగిన ఏడు రోజుల్లోపు జరిగితే తప్ప రాదు. బ్యాంకు లాకరులో పెట్టామన్న ధీమా కూడా పూర్తిగా సరికాదు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటి సందర్భాల్లో బ్యాంకు బాధ్యత వార్షిక అద్దెకు వంద రెట్లు. ప్రకృతి వైపరీత్యాల్లో ఆ బాధ్యత లేదు. కర్నూలు వంటి నదీతీర నగరానికి ఈ మినహాయింపు ప్రత్యేకంగా గమనించదగినది.

2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరైన హాల్‌మార్కు పాత నగలపై ఉండదు. వాటిని పరీక్షా కేంద్రానికి తీసుకుపోయి వన్నె తేల్చుకోవచ్చు. ఇప్పటి ఎక్స్-రే పరీక్ష నగకు హాని చేయదు. అయితే గీటురాయిలాగే అది కూడా పైపొరనే చదువుతుంది. పాతకాలపు టంకం వేసిన అతుకుల్లో వన్నె తగ్గి ఉంటుంది, లక్క నింపిన గుండ్లలో బంగారం పలుచగా ఉంటుంది. కరిగించి చూస్తే సరైన లెక్క వస్తుంది, నగ మాత్రం మిగలదు. అందువల్ల అనుభవం గల మదింపుదారులు మొత్తం బరువును, తీసివేసిన బరువును విడివిడిగా గ్రాములలో రాసి, ప్రతి నగకూ ఛాయాచిత్రం జతచేసి, అది ఎవరి సొత్తో పేరుతో సహా నమోదు చేస్తారు.