దారం విసిరే విద్య

మన చెరువు గట్టున గాలం వేసేవాడికి విసరడం ఒక సమస్యే కాదు. వానపాము, బెండు, చిన్న సీసం గుండు. ఆ బరువే దారాన్ని లాక్కుపోయి నీళ్లలో దించుతుంది. ఇక కావలసిందల్లా ఓపిక. ఫ్లై ఫిషింగ్‌లో ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఎర అంటే కొక్కేనికి ఈకలు, దారప్పోగులు చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు; దాన్నే ఫ్లై అంటారు. ఊదితే ఎగిరిపోతుంది. ఎంత బలంగా విసిరినా నాలుగడుగులు పోదు. కాబట్టి బరువంతా దారంలో ఉండాలి, ఆ దారాన్నే విసరాలి, ఎర దాని వెంట పోవాలి. ట్రిక్ కాస్టింగ్ పేరిట జనం నోళ్లు వెళ్లబెట్టి చూసే విన్యాసాలన్నీ ఈ ఒక్క చిక్కులోంచి పుట్టాయి. వాటిలో చాలావాటికి మొదట్లో ప్రదర్శనతో సంబంధమే లేదు.

అసలు తొలినాళ్లలో విసురే లేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఏలియన్ మాసిడోనియా జాలర్ల గురించి రాశాడు. కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు కట్టి చేపల్ని మోసగించేవారట. కర్ర ఆరడుగులు, దారమూ ఆరడుగులే. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ ‘ది కంప్లీట్ ఆంగ్లర్’ వెలువడిన 1653 నాటికీ గుర్రపు వెంట్రుకలు పేనిన దారాన్ని పొడవాటి కర్ర కొసకు ముడివేయడమే మామూలు. దారం చుట్టే రీలు ఊసు పుస్తకాల్లోకి అప్పుడప్పుడే వస్తోంది. వీపు వెనక నుంచి గాలి వీస్తే దారం ముందుకు తేలేది, లేకపోతే లేదు. వాల్టన్ పుస్తకానికి 1676లో కొత్త భాగం చేర్చిన చార్లెస్ కాటన్ మాత్రం ట్రౌట్ చేపకు సన్నని దారంతో, దూరం నుంచి వేయాలన్నాడు. సలహా మంచిదే. ఆ దూరం పోగల సరంజామాకే చాలాకాలం పట్టింది.

19వ శతాబ్దంలో స్కాట్లండులోని స్పే నది ఒడ్డున పుట్టిన విసురు, నా లెక్కలో ఈ చరిత్రకంతటికీ పెద్ద మలుపు. మామూలు పద్ధతిలో దారం మొదట వెనక్కి పోయి, అక్కడ పూర్తిగా చాచుకున్నాకే ముందుకు రావాలి. స్పే గట్లు ఏటవాలుగా ఉంటాయి, వేటగాడి వీపు వెనకే చెట్లు. వెనక్కి విసిరితే గాలం కొమ్మల పాలు. అందుకని అక్కడివాళ్లు రెండు చేతులా పట్టే పొడవాటి కర్రతో, నీటి మీద పరుచుకున్న దారాన్ని మెల్లగా లేపి, ఒంటి పక్కగా ఒక్క ఊపున తిప్పి, కొస మాత్రం నీటిని అంటుకుని ఉండేలా దించేవారు. మిగతా దారం భుజం పక్కన గాలిలో విల్లులా వంగి నిలుస్తుంది. కొసను నీరు పట్టి ఉంచడంతో కర్ర వంగి బలం పుంజుకుంటుంది. సరిగ్గా అప్పుడు ముందుకు కొడితే దారం చుట్ట విప్పుకుంటూ నది నడుమ సాల్మన్ చేప దాకా పోతుంది. కొత్తగా చూసేవాడికి అది గారడీ. అక్కడివాడికి చెట్ల బాధకు విరుగుడు.

తర్వాతి కథ అమెరికాది. వెదురును చీల్చి, ఆరు బద్దలు కలిపి అతికించిన కర్రలకు 1870ల్లో మెయిన్ రాష్ట్రానికి చెందిన హైరమ్ లెనర్డ్ పేరు తెచ్చాడు. ఆ వెదురు మొదట్లో మన కలకత్తా రేవు నుంచి వెళ్లిందే; తర్వాత చైనా వెదురు దాన్ని పక్కకు నెట్టింది. నూనె పట్టించిన పట్టు దారాలూ వచ్చాయి. పనిముట్టు బాగుపడగానే పోటీలు మొదలయ్యాయి. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో విసురు పోటీ పెట్టారు. చేపలతో పనిలేని చేపల ఆట! శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో ఇందుకోసమే 1930ల చివర్లో కట్టిన కొలనులు ఇప్పటికీ ఉన్నాయి. గురి పోటీల్లో నీటి మీద తేలే 30 అంగుళాల రింగులో ఫ్లై వాలాలి. ప్రపంచ ఛాంపియన్ స్టీవ్ రాజెఫ్ చేయి తిరిగింది ఆ కొలనుల దగ్గరే.

దూరం పోటీలను తలకిందులు చేసింది డబుల్ హాల్ అనే పద్ధతి. 1930ల్లో ఓరెగాన్‌కు చెందిన మార్విన్ హెడ్జ్ దాన్ని దేశమంతటికీ చూపించాడు. కుడిచేయి కర్రను వెనక్కి ఊపేటప్పుడు ఎడమచేయి దారాన్ని చటుక్కున కిందికి గుంజి, దారం వెనక చాచుకుంటుండగా మళ్లీ పైకి పోనివ్వాలి. ముందుకు ఊపేటప్పుడు ఇంకోసారి గుంజాలి. రెండు చేతులూ విడిపోయి కలుస్తూ, తాళం తప్పకుండా సాగాలి. నాట్యం నేర్పిన జోన్ సాల్వటోకు ఇది ఇట్టే పట్టుబడిందంటే ఆశ్చర్యం లేదు. 1951లో ఆమె ఒక దూరం పోటీలో మగవాళ్లందరినీ ఓడించింది. 1960లో 161 అడుగులు విసిరింది. తర్వాత ఆమె పెళ్లాడిన లీ వుల్ఫ్ ఇంకో రకం మనిషి. కర్రే లేకుండా చేత్తో దారం విసిరి, సాల్మన్‌ను పట్టి చూపించాడు.

అప్పటిదాకా విసురు నేర్పే గురువులు శిష్యుడి చంకలో పుస్తకం పెట్టి, అది జారకుండా, గడియారంలో పదికీ ఒంటిగంటకూ మధ్యే కర్ర ఆడాలనేవారు. మేరీలాండ్‌కు చెందిన లెఫ్టీ క్రే 1960ల నుంచి ఆ కట్టుబాటును ఎగతాళి చేస్తూ, చేయి బాగా వెనక్కి పోవాలని బోధించాడు. కర్ర కింది సగం ఊడదీసి, పై ముక్కతోనే దారం దూరంగా విసిరి చూపేవాడు. బలం కర్ర పొడవులో లేదని చెప్పడానికి ఇంతకన్నా సూటి పాఠం ఉండదు.

ప్రపంచమంతా చూసిన విసురు మాత్రం 1992 నాటి ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’ సినిమాలోది. ఫ్లై నీటిని తాకకుండా దారం గాలిలో మెలికలు తిరుగుతూనే ఉంటుంది. తెర మీద బ్రాడ్ పిట్, విసిరిన చేయి జేసన్ బోర్గర్‌ది. కంటికి పండగే. దానితో చేప పడుతుందంటే నేను నమ్మను.

చేపను పట్టే ట్రిక్కులు ఇంత అందంగా కనబడవు. వేటగాడికీ ట్రౌట్‌కూ నడుమ నీరు వడిగా పారుతుంటే అది దారాన్ని లాగేస్తుంది, ఫ్లై ఈడ్చుకుపోతుంది, ట్రౌట్ మొహం తిప్పుకుంటుంది. అందుకే దారం ఇంకా గాలిలో ఉండగానే కర్రను ప్రవాహానికి ఎగువ వైపు వాల్చేస్తారు. దాన్ని రీచ్ అంటారు. దాంతో దారంలో కొద్దిపాటి వదులు మిగులుతుంది; అది కరిగేలోపు ఫ్లై నిజం పురుగులా నాలుగడుగులు కొట్టుకుపోతుంది. దారం కొసను కుడికో ఎడమకో వంకర తిప్పి, రాయి చాటున ఉన్న చేప ముందు వేసే విసురు ఇంకా కష్టం. అమెరికాలో 1992 నుంచి విసురు గురువులకు సర్టిఫికెట్లు ఇస్తున్నారు. పై స్థాయి పరీక్షలో ఈ వంకర విసుర్లు తప్పనిసరి. ఆ పరీక్ష తరచూ పచ్చిక మైదానంలోనే, కొక్కెం బదులు ఉన్ని ముక్క కట్టుకుని ఇవ్వాలి.