మన్ను చెప్పిన సాక్ష్యము – చిట్టా చెప్పిన సాక్ష్యము

పురాతత్త్వ పరిశోధన యనిన రాజప్రాసాదములు, దేవాలయములు మనకు స్ఫురించును. సారాబట్టీ శిథిలములను సైతము పండితులు శ్రద్ధతో త్రవ్విరనిన కొందరికి నవ్వు రావచ్చును. మద్యపానము ప్రశంసింపదగినది కాదు. అయినను మద్యము కాచిన తావు చరిత్రకు సాక్షి కాకపోదు.

అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రథమాధ్యక్షుడు జార్జి వాషింగ్టన్‌కు వర్జీనియాలో మౌంట్ వెర్నన్ అను పెద్ద కమతము కలదు. స్కాట్లండు నుండి వచ్చిన జేమ్స్ ఆండర్సన్ అను వ్యవసాయ నిర్వాహకుని ప్రోత్సాహమున 1797లో అచ్చట విస్కీ కాచుట ప్రారంభమయ్యెను. పిండిమర చెంత రాతి పునాదిపై బట్టీ కట్టించిరి. 1799లో సుమారు 11,000 గ్యాలనులు, అనగా 40,000 లీటర్లకు పైగా, విస్కీ దిగినది. ఆ డిసెంబరు 14న వాషింగ్టన్ మరణించెను. 1814లో బట్టీ అగ్నికి ఆహుతియై, క్రమముగా నేలలో కలసిపోయెను.

1999 మొదలు 2006 వరకు పురాతత్త్వవేత్తలు ఆ స్థలమును పొరపొరగా త్రవ్విరి. 75 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల పునాది బయల్పడెను. ఐదు రాగి బానల పొయ్యిలు నిలిచిన తావులు, వేడిమికి రంగు మారిన మన్ను, నీరు పారిన కాలువల జాడలు కానవచ్చెను. ఇది మన్ను చెప్పిన సాక్ష్యము.

ఏ ధాన్యమెంత పడినదో మాత్రము చిట్టాలే తెలిపినవి: నూటికి రై ధాన్యము 60, మొక్కజొన్న 35, మొలకగట్టిన బార్లీ 5 పాళ్లు. ఒకదాని కొరతను మరియొకటి తీర్చినది. ఈ రెండింటి ఆధారముననే ఆ బట్టీని తిరిగి నిర్మించి, 2007లో ప్రజల దర్శనార్థము తెరచిరి.

ఆ కాగితములు మరియొక సత్యమును గూడ కాపాడినవి. హాన్సన్, పీటర్, నాట్, డేనియల్, జేమ్స్, టిమొతీ – ఈ ఆరుగురు ఆ పొయ్యిల యొద్ద శ్రమించిన బానిసలు. ఇంత విస్కీ వారి చెమటతో దిగినదే. మసి పట్టిన మన్ను అచ్చట మంట మండెనని చెప్పగలదు గాని, మంట యెగద్రోసినవాని పేరు చెప్పలేదు. యజమాని తన ఆస్తి లెక్కకై వ్రాసికొన్న పట్టీయే నేడు వారికి స్మారకమైనది.

లెక్కలు వ్రాయుట వృత్తిగా గల నాకు ఇందలి నీతి స్పష్టము. పద్దు వ్రాయువాడు తానెరుగకయే చరిత్ర వ్రాయుచున్నాడు. కావున పాఠకమహాశయులారా! మీ అటకలపై నున్న పాత చిట్టాలను, దస్తావేజులను తూకమునకు అమ్మివేయకుడు. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయమున వానికొక బీరువా చాలును. ఊరి పొలములలో చెమటోడ్చినవారి పేర్లు వానిలో నున్నవి.